పిప్పి ఎవరిది, చెత్త ఎవరిది?

మారిషస్‌లో ఎవరేం పారేసినా చివరికి చేరేది ఒక్కచోటికే. ద్వీపానికి ఆగ్నేయాన ఉన్న మార్ షికోజ్ డంపింగ్ యార్డు అది. 1997లో తెరిచారు, దేశం మొత్తానికీ అదొక్కటే. ఏటా 5 లక్షల టన్నులకు పైగా చెత్త అక్కడికి వస్తుంది. దేశ జనాభా 12 లక్షల 60 వేలు. పసిబిడ్డల్ని కూడా లెక్కేసుకుంటే మనిషికి రోజుకు కిలో పైమాటే. పక్కకు జరగడానికి చోటు లేక గుట్టను ఎత్తు పెంచుకుంటూ పోయారు. దాని పక్కన ఒక ఊరు ఉండేది. కంపు భరించలేక జనం ఏళ్లపాటు మొత్తుకుంటే చివరికి ఊరినే ఖాళీ చేయించి వాళ్లని వేరే చోటికి పంపారు. గుట్ట మాత్రం కదల్లేదు.

ఈ దేశ ప్రభుత్వమే 2023లో సర్క్యులర్ ఎకానమీ కోసం 2033 దాకా పదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది వ్యర్థాల నిర్వహణకు కొత్త చట్టం తెచ్చింది. వాడిన వస్తువు మళ్లీ వాడకంలోకి రావాలి, ఒక పరిశ్రమ వదిలేసింది ఇంకో పరిశ్రమకు ముడిసరుకు కావాలి, నేల నుంచి తీసింది నేలకు చేరాలి. ఈ ఆశయంతో నాకు పేచీ లేదు. అంత చిన్న ద్వీపానికి ఇంతకన్నా అవసరమైన పని ఇంకోటి లేదనే నమ్ముతాను. నా కోపమంతా ఆ ఆశయం పేరు చెప్పి బరువు ఎవరి నెత్తిన పెడుతున్నారు, లాభం ఎవరి జేబులో ఉంచుతున్నారు అన్నదాని మీద. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని ఇంటి ఇల్లాలికి పాఠాలు చెబుతారు. ఆ చెత్తను ఓడల్లో తెచ్చి అమ్మిన వ్యాపారినీ, చెరకు నేలలో పెద్ద భాగాన్ని తరతరాలుగా గుప్పిట్లో పెట్టుకున్న ఎస్టేటునూ ఆ పాఠం తాకదు. ఇది అన్యాయం. అన్యాయమే కాదు, ఇలా చేస్తే పని జరగదు కూడా.

ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉన్న దేశం గురించి తెలుగువాడికి ఎందుకింత ఆవేశమని అడగొచ్చు. ఆ చెరకు తోటల్లో మనవాళ్ల చెమట ఉంది. 1834 నుంచి 1920 దాకా భారతదేశం నుంచి దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్లలో గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లున్నారు. కోరంగి రేవులో ఓడెక్కారు కాబట్టి అక్కడ వాళ్లని కోరంగీలనే పిలిచారు. వాళ్ల మునిమనవలు ఇవాళ్టికీ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ గడ్డ మీదే. మారిషస్ పొలాల మధ్య నల్లటి అగ్నిపర్వత శిలల పోగులు గోపురాల్లా ఇప్పటికీ కనిపిస్తాయి. నేలను చదును చేయడానికి కూలీలు ఒక్కొక్క రాయీ ఏరి పేర్చినవి అవి. మహాసభలు పెట్టుకుని, దండలు వేసుకుని, అక్కడ కూడా మన భాష బతికుందని మురిసిపోయాం. ఆ నేల ఇప్పుడు ఏమవుతోందో మాత్రం అడగలేదు.

ముందు పిప్పి సంగతి మాట్లాడాలి.

టన్ను చెరకు గానుగాడితే సుమారు 100 కిలోల చక్కెర, 300 కిలోల దాకా పిప్పి వస్తాయి. ఆ పిప్పినే పొయ్యిలో వేసి, వచ్చిన ఆవిరితో రసం కాచడం చక్కెర మిల్లులకు ఎప్పటినుంచో అలవాటు. 1957లో సెయింట్ ఆంటోయిన్ మిల్లు ఒక అడుగు ముందుకు వేసి, తన అవసరం తీరగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మింది. సర్క్యులర్ ఎకానమీ గురించి ప్రపంచం సదస్సులు పెట్టుకోవడానికి కొన్ని దశాబ్దాల ముందు మాట ఇది. మొలాసిస్ నుంచి రమ్ము, ఇథనాల్ తీశారు. రసం వడకట్టగా మిగిలిన మడ్డి ఎరువుగా పొలానికి తిరిగి వెళ్లింది. ఎక్కువ పీడనం మీద నడిచే బాయిలర్లు వచ్చాక అదే పిప్పి నుంచి కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు రావడం మొదలైంది. పిప్పి మండితే గాల్లో కలిసే కార్బన్, ఆ చెరకు పెరుగుతూ గాలి నుంచి పీల్చుకున్నదే. కాబట్టి బొగ్గుతో, డీజిల్‌తో పోల్చాల్సిన పొగ కాదది. మారిషస్‌కు పుట్టుకతో వచ్చిన చక్రం అంటే ఇదే. ఏ విదేశీ సలహాదారూ నేర్పాల్సిన పని లేకుండా మిల్లు కార్మికుడూ చెరకు రైతూ తిప్పుకున్న చక్రం.

దాన్ని ఏం చేశారో చూడండి. చెరకు క్రషింగ్ జూన్‌లో మొదలై డిసెంబరుకల్లా ముగుస్తుంది. మిగతా నెలల్లో పిప్పి ఉండదు. కానీ ప్రభుత్వ విద్యుత్ సంస్థకు ఏడాది పొడవునా కరెంటు కావాలి, పెట్టుబడి పెట్టినవాళ్లకు ఏడాది పొడవునా ఆదాయం కావాలి. అందుకని అదే బాయిలర్‌లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన బొగ్గు పోశారు. 1980లలో మొదలైన ఈ పద్ధతి 1991లో పిప్పి ఇంధన కార్యక్రమం పెట్టాక ఊపందుకుంది. పేరు పిప్పిది, పెరిగింది బొగ్గు. ఇవాళ మారిషస్ కరెంటులో పిప్పి వాటాకు రెండింతలకు పైగా బొగ్గు వాటా ఉంది. మొత్తం కరెంటులో 80 శాతం దాకా బొగ్గు, నూనెల నుంచే వస్తోంది. ఇంకో అడుగు వేసి, ఆ బొగ్గు బూడిదను సిమెంటులో కలిపి దానికీ సర్క్యులర్ ఎకానమీ అని పేరు పెట్టారు. బూడిదను గుట్టగా పోయడం కన్నా సిమెంటులో కలపడం మేలు, ఒప్పుకుంటాను. కానీ బొగ్గు తగలబెట్టినంతకాలం బూడిద వస్తూనే ఉంటుంది, బూడిద అమ్ముకునే వ్యాపారం నిలబడాలంటే బొగ్గు తగలబెడుతూనే ఉండాలి. ఇలాంటి ఏర్పాటును పర్యావరణం ఖాతాలో రాయడం ప్రజల్ని మోసం చేయడమే. ఇంతకన్నా మెత్తని మాట నా దగ్గర లేదు.

జనం ఊరుకోలేదని కూడా చెప్పాలి. పడమటి తీరాన ఆల్బియన్ దగ్గర కొత్త బొగ్గు కేంద్రం పెడతామన్నప్పుడు ఏళ్లపాటు పోరాడారు. 2013లో ఒక యువకుడు నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ప్రభుత్వం దిగొచ్చి జాతీయ ఇంధన కమిషన్ వేసింది, ఆ తర్వాత ఆ కేంద్రం ప్రతిపాదన మూలపడింది. 2021 బడ్జెట్లో 2030 నాటికి బొగ్గు పూర్తిగా మానేస్తామనీ, కరెంటులో 60 శాతం పునరుత్పాదక వనరుల నుంచి తెస్తామనీ ప్రభుత్వం మాటిచ్చింది. ఆ గడువు ముంచుకొస్తోంది.

బొగ్గు మానేస్తే దాని చోటును నింపాల్సిన వాటిలో మొదటిది పిప్పి, చెరకు ఆకు. సూర్యుడు, గాలి ఉండనే ఉన్నాయి కానీ రాత్రిపూట, గాలి లేనిపూట నిలబడేది ఇదే. మరి ఆ పిప్పి ఎక్కడి నుంచి రావాలి? చెరకు నుంచి. చెరకు ఎక్కడుంది? 1973లో ఆ ద్వీపం 7 లక్షల టన్నులకు మించి చక్కెర చేసింది. ఇటీవలి సంవత్సరాల్లో రెండున్నర లక్షల టన్నులు కూడా దాటడం లేదు. చెరకు విస్తీర్ణం సగానికి పడిపోయింది. 19వ శతాబ్దంలో రెండు వందలు దాటిన మిల్లులు ఇప్పుడు మూడు.

చెరకు ఎందుకు పోయిందో తెలియాలంటే యూరప్ వైపు చూడాలి. 1975 నుంచి ఒక ఒప్పందం కింద మారిషస్ ఏటా దాదాపు 5 లక్షల టన్నుల చక్కెరను యూరప్‌కు ప్రపంచ మార్కెట్‌ కన్నా ఎంతో మంచి ధరకు అమ్ముకుంది. ఆ డబ్బుతోనే బడులు, ఆసుపత్రులు, బట్టల మిల్లులు లేచాయి. 2006 నుంచి మూడు నాలుగేళ్లలో యూరప్ ఆ ధరను 36 శాతం కోసింది. 2009లో ఒప్పందమే ముగిసింది. 2017లో యూరప్ తన సొంత బీట్ చక్కెర మీద కోటాలు కూడా ఎత్తేసి మార్కెట్‌ను ముంచెత్తింది. సుస్థిరాభివృద్ధి గురించి చిన్న దేశాలకు పాఠాలు చెప్పే యూరప్, అలాంటి ఒక దేశపు ప్రధాన పంట కాళ్లు విరగ్గొట్టింది. ఆ దెబ్బకు సాయం పేరుతో ఇచ్చిన డబ్బు కూడా మిల్లులు మూసి, కార్మికుల్ని స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపే పనికే ఎక్కువగా ఉపయోగపడింది. ఎస్టేట్లు నిలదొక్కుకున్నాయి. వాటికి విద్యుత్ ఒప్పందాలున్నాయి, భూములున్నాయి, బ్యాంకులున్నాయి. చిన్న రైతుకు చెరకు తప్ప ఏమీ లేదు.

ఈ చిన్న రైతు ఎవరో మనకు తెలియాలి. 1880ల తర్వాత చక్కెర ధర పడిపోయినప్పుడు ఎస్టేట్లు తమకు అక్కరలేని అంచు భూములను ముక్కలు చేసి అమ్మాయి. పైసా పైసా కూడబెట్టిన ఒప్పంద కూలీలు వాటిని కొన్నారు. అలా కూలివాడు రైతయ్యాడు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఇలాంటి చిన్న రైతులు 26 వేలకు పైగా ఉండేవారు. ఇప్పుడు సగానికన్నా తక్కువ. చాలామంది పొలాలు బీడు పెట్టేశారు. ఎందుకంటే లెక్క గిట్టలేదు. చాలాకాలం చక్కెరలో 78 శాతం రైతుకు, 22 శాతం మిల్లుకు అనే పంపకం నడిచింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బండి మీద మిల్లుకు వెళ్లిన చెరకు బరువులో దాదాపు మూడో వంతు పిప్పి. దానితో తయారైన కరెంటును మిల్లు పక్కనే ఉన్న విద్యుత్ కంపెనీ దశాబ్దాలపాటు అమ్ముకుంది. రైతు చేతికి పిప్పి కింద వచ్చింది నామమాత్రం. 2021లో ప్రభుత్వం ఆ ధరను గట్టిగా పెంచింది. మంచి పనే, కానీ అప్పటికే సగం మంది రైతులు పొలం వదిలేశారు.

చెరకు పండించినవాడికి పిప్పిలో న్యాయమైన వాటా మొదటినుంచీ ఇచ్చి ఉంటే, చక్కెర ధర పడిపోయిన రోజున అతను పొలం వదిలేవాడు కాదు. చక్కెర పోయినా కరెంటు పంటగా చెరకు నిలబడేది. బొగ్గు ఓడలు అంతగా రావలసిన అవసరం ఉండేది కాదు. చక్రం తిరగాలంటే దాన్ని తిప్పే మనిషికి తిండి దొరకాలి కదా. ఇంత తేలికైన విషయం ఇన్ని ప్రణాళికల్లో ఎవరికీ పట్టలేదు.

మన దగ్గర కూడా ఈ గాయం ఉంది. 2012లో రంగరాజన్ కమిటీ, చక్కెరతో పాటు పిప్పి, మొలాసిస్ లాంటి ఉప ఉత్పత్తుల ఆదాయంలో కూడా కలిపి 70 శాతం రైతుకు దక్కాలని చెప్పింది. ఆ సిఫారసు చాలా రాష్ట్రాల్లో కాగితం దాటలేదు. బోధన్‌లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు పిప్పి విలువ ఎంతో తెలిసిన తెలుగు రైతు, మారిషస్ రైతు గోడును చెప్పకుండానే అర్థం చేసుకుంటాడు.

మరి బీడు పెట్టిన నేల ఏమైంది? ఎస్టేట్ల నేలలో కొంత విల్లాలయ్యాయి. 2002లో విదేశీ ధనవంతులు ఇళ్లు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. 2015లో స్మార్ట్ సిటీల పథకం తెచ్చి, చెరకు నేలను ఇళ్ల స్థలంగా మార్చే పన్ను మీద కూడా మినహాయింపులిచ్చింది. ఇల్లు కొంటే నివాస అనుమతి. చక్కెర కంపెనీలు ఆస్తుల కంపెనీలయ్యాయి. ఈ దేశం తినే ఆహారంలో నాలుగింట మూడు వంతులు దిగుమతి. సరఫరా చేసిన మంచినీళ్లలో సగానికి పైగా పైపుల్లోనే పోతాయి. అలాంటి చోట పంట నేల మీద గోల్ఫ్ కోర్సు వేసి, విల్లా పైకప్పు మీద రెండు సోలార్ పలకలు పెట్టి, దానికి సుస్థిరమన్న పేరు తగిలిస్తున్నారు. 2011లో సత్య, న్యాయ కమిషన్ బానిసల, ఒప్పంద కూలీల వారసుల భూములు ఎలా చేజారాయో వివరంగా నమోదు చేసింది. ఆ నివేదికను పక్కన పెట్టుకుని విల్లా ప్రకటనలు చదివితే నాకు నిద్ర పట్టలేదు. కాంక్రీటు పోసిన నేల మళ్లీ పొలం కాదు. ఏ సర్క్యులర్ ఎకానమీ అయినా మొదట కాపాడాల్సింది తిరిగి తయారు చేయలేని ఆ ఒక్కదాన్నే.

ఇక మార్ షికోజ్‌లో పడుతున్నది ఏమిటో చూద్దాం. సగానికి పైగా వంటింటి వ్యర్థాలు, తోట వ్యర్థాలు. ఎరువయ్యే సరుకు. ఆ దేశమే ఇంకోపక్క రసాయన ఎరువుల్ని ఓడల మీద తెప్పించుకుంటుంది. 2011లో లా షోమియేర్‌లో ఒక పెద్ద కంపోస్టు కర్మాగారం పెట్టారు. కొన్నేళ్లకే మూతపడింది. కలిసిపోయిన చెత్తను తెచ్చి పోస్తే మంచి కంపోస్టు రాదు, వచ్చినదాన్ని రైతుకు చేర్చే ఏర్పాటు లేకపోతే డబ్బు రాదు. చెత్తను ఇంటి దగ్గరే వేరుగా తీసుకెళ్లే బండి దేశమంతటా ఇంతవరకూ లేదు. ఇంటావిడ వేరు చేసి రెండు బుట్టల్లో పెట్టినా ఒకే బండిలో పోస్తే ఆమె శ్రమంతా వృథా. మొదట బండి తేవాలి, ఆ తర్వాత పాఠం చెప్పాలి.

ప్లాస్టిక్ మీద మారిషస్ ధైర్యంగానే నడిచింది. 2016 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, 2021 జనవరి 15 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు నిషేధం. మెచ్చుకోవాల్సిందే. కానీ నీళ్ల సీసా, కూల్‌డ్రింకు సీసా అలాగే ఉన్నాయి. ప్లాస్టిక్ సీసా మీద 2 రూపాయల ఎక్సైజ్ సుంకం వేశారు. అది ఖజానాకు చేరుతుంది, సీసా తెచ్చి ఇచ్చిన పిల్లాడి చేతికి రాదు. ఆ పిల్లాడి చేతికి 2 రూపాయలు వస్తే కాలువలో ఒక్క సీసా మిగలదు. ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. అదే ద్వీపంలో ఫీనిక్స్ బీరు గాజు సీసాను దుకాణంలో తిరిగి ఇస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. అందుకే జనం ఆ సీసాను రోడ్డు మీద పారేయరు. జనానికి బుద్ధి లేదని తిట్టేవాళ్లు ఈ సీసాను ఒక్కసారి చూడాలి. ఒకే మనిషి ఒక సీసాను జాగ్రత్తగా దుకాణానికి మోసుకెళ్తాడు, ఇంకో సీసాను కాలువలో వేస్తాడు. తేడా మనిషిలో లేదు. గాజు సీసాను వెనక్కి తీసుకోవడం దాని యజమానికి లాభం. ప్లాస్టిక్ సీసాను వెనక్కి తీసుకోవాల్సిన అవసరం దాన్ని అమ్మినవాడికి ఎవరూ కల్పించలేదు.

ఇక్కడ పెద్దమనుషులు ఒక వాదన తెస్తారు. 12 లక్షల జనాభాతో రీసైక్లింగ్ ఫ్యాక్టరీలు నడవవు, సరుకు చాలదు, కాబట్టి ఏమీ చేయలేం అంటారు. మొదటి ముక్క నిజమే. టైర్లు, బ్యాటరీలు, కంప్యూటర్లు, ఫ్రిజ్‌లు కరిగించి మళ్లీ తయారు చేసే పరిశ్రమ అంత చిన్న దేశంలో నిలబడకపోవచ్చు. కానీ దాన్నుంచి వాళ్లు తేల్చేది తప్పు. ఇంట్లో శుద్ధి చేయలేనిదాన్ని ఇంట్లోకి రానిచ్చేటప్పుడే, దాన్ని వెనక్కి తీసుకెళ్లే ఖర్చును తెచ్చినవాడి దగ్గర రాబట్టాలి. ఫ్యాక్టరీ పెట్టలేని దేశం ఇంకా గట్టిగా రాబట్టాలి.

2020లో ప్రపంచమంతా చూసిన సంఘటన ఒకటుంది. చైనా నుంచి సింగపూర్ మీదుగా బ్రెజిల్ వెళుతున్న జపాన్ కంపెనీ ఓడ వకాషియో, జూలై 25న పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బకు గుద్దుకుంది. మారిషస్‌కు సరుకు తెచ్చే ఓడ కాదది, దారిన పోయే ఓడ. ఫోన్ సిగ్నల్ కోసం తీరానికి దగ్గరగా వచ్చిందని తర్వాత దర్యాప్తుల్లో తేలింది. ఆగస్టు 6న నూనె కారడం మొదలైంది. దాదాపు 1,000 టన్నులు లాగూన్‌లో కలిసింది. అప్పుడు ప్రభుత్వం తేరుకునేలోపే మహేబూర్ జనం పడవల రేవుకు వచ్చారు. పొలాల నుంచి చెరకు ఆకు తెచ్చారు. గుడ్డ సంచుల్లో కూరి పొడవాటి గొట్టాల్లా కుట్టారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు రాత్రింబగళ్లు కుట్టి వాటిని సముద్రంలో వేసి నూనెను అడ్డుకున్నారు. వ్యర్థాన్ని వనరుగా మార్చడం ఎలాగో ఆ జనానికి ఏ నిపుణుడూ చెప్పలేదు, బడ్జెట్ ఇవ్వలేదు. అలాంటి జనానికి పర్యావరణ స్పృహ నేర్పాలంటూ ప్రచారాలకు ఖర్చు పెట్టడం వాళ్లని అవమానించడం. స్పృహ వాళ్ల దగ్గర కావలసినంత ఉంది, లేనిది అధికారం. తమ తీరం పక్కగా ఏ ఓడ ఎంత దూరంలో వెళ్లాలో, తమ రేవులోకి ఏ సరుకు ఏ షరతు మీద దిగాలో నిర్ణయించే అధికారం.

ఇలాంటి ప్రణాళికలు మారిషస్‌కు కొత్త కాదు. 2008లో, మారిషస్‌లో పుట్టిన శాస్త్రవేత్త జోయెల్ ద రోస్నే ఆలోచనతో మారిస్ ఇల్ ద్యురాబ్ల్ అనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంధనాల మీద సుంకం వేసి నిధి కూడబెట్టారు. వేలమంది పౌరులతో సంప్రదింపులు జరిపారు, విధానపత్రం రాశారు. 2014 చివర్లో ప్రభుత్వం మారింది, కార్యక్రమం అటకెక్కింది. పౌరులు కూర్చుని చెప్పిన మాటలు కూడా దాంతోపాటే పోయాయి. ఇప్పుడున్న ప్రణాళిక 2033 దాకా. మధ్యలో ఎన్ని ఎన్నికలొస్తాయో లెక్కేసుకోవచ్చు. మంత్రి మారితే చెరిగిపోయే ఆశయపత్రం వద్దు. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోగల చట్టపు హక్కు కావాలి. పిప్పి విలువలో రైతుకు హక్కు, వాడిన వస్తువును అమ్మినవాడికే తిరిగి అప్పజెప్పే హక్కు పౌరుడికి.

ఆ దేశానికి చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. స్వాతంత్ర్యానికి ముందు 1961లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ లెక్కలన్నీ వేసి, పెరిగే జనాభాతో ఆ ద్వీపం బాగుపడే అవకాశాలు తక్కువే అన్నాడు. తర్వాత ఆయనకు నోబెల్ వచ్చింది కానీ ఆ జోస్యం నిజం కాలేదు. 1968లో స్వతంత్రం వచ్చాక, 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక చట్టం చేసి బట్టల పరిశ్రమ నిలబెట్టారు, పర్యాటకం పెంచారు. 2019లో జనాభాకన్నా ఎక్కువమంది, 13 లక్షల 80 వేల మంది, పర్యాటకులు వచ్చారు. ప్రపంచ బ్యాంకు 2020లో ఒక ఏడాదిపాటు ఆ దేశాన్ని అధికాదాయ దేశాల జాబితాలో కూడా వేసింది. కష్టమైన నిర్ణయాలు తీసుకుని నిలబెట్టుకున్న చరిత్ర ఆ జనానిది. దిగుమతిదారుకూ ఎస్టేటుకూ ఎదురు చెప్పడం దానికన్నా కష్టమేమీ కాదు.

చిన్న ద్వీపం కావడంలో ఒక గొప్ప బలం ఉంది. పెద్ద దేశాలకు అది లేదు. భారతదేశానికి ఎన్ని రేవులు, ఎన్ని సరిహద్దు రోడ్లు, ఎన్ని గోడౌన్లు! ఏ వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడమే కష్టం. మారిషస్‌కు వచ్చే సరుకు బరువులో దాదాపు మొత్తం పోర్ట్ లూయిస్ రేవు ఒక్కదానిలోనే దిగుతుంది. ప్రతి ఫ్రిజ్, ప్రతి టైరు, ప్రతి బ్యాటరీ, సీసాలు చేసే ప్రతి టన్ను ప్లాస్టిక్ గుళికా కస్టమ్స్ పత్రంలో పేరుతో, బరువుతో, తెచ్చినవాడి చిరునామాతో నమోదవుతాయి. అక్కడే డిపాజిట్ కట్టించుకోవాలి. ఆ వస్తువు ఆయువు తీరాక సేకరించి, శుద్ధి చేసి, లేదా ఓడెక్కించి వెనక్కి పంపినట్టు రుజువు చూపిస్తే డబ్బు తిరిగి ఇవ్వాలి. చూపించకపోతే ఆ డబ్బుతో ప్రభుత్వమే ఆ పని చేయాలి. వస్తువు ధర కొంత పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు ఇప్పుడు కూడా ఉంది, దాన్ని గుట్ట పక్కన బతికే పేదవాడు ఊపిరితిత్తులతో కడుతున్నాడు. కొత్త సంస్థలు పెట్టనక్కర్లేదు, విదేశీ సలహాదారులు రానక్కర్లేదు. కస్టమ్స్ కౌంటరు ఉంది, పత్రం ఉంది, తెచ్చినవాడి సంతకం ఉంది. రసీదు ఒక్కటి రాయాలి. రాయకుండా ఎవరు ఆపుతున్నారో ఆ దేశ పార్లమెంటు పేర్లతో సహా చెప్పాలి.